బుల్లియ్య గారి ఏనుగు పరిరక్షణ

నిడదవోలు స్టేషన్ వెనక వీధిలో కాపురముండే బుల్లియ్య గారు కార్తీకమాసం చివర్లో, నిద్రలోనే, ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా కాలం చేశారు. పరామర్శకు వచ్చినవారంతా పద్ధతి ప్రకారం చెప్పులు గేటు బయట విడిచి, ఆయన భార్య అచ్చాయమ్మ గారికి రెండు చేతులూ జోడించి, ఆ తర్వాత హాల్లో కిటికీ పక్కనున్న వాక్యూమ్ క్లీనర్ వైపు చూసి నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు పోయినవారి కోసమా, ఉన్నదాని కోసమా అని శంకించడం మర్యాద కాదు.

ఆ యంత్రాన్ని చూడనివారి కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. బుల్లియ్య గారిది సముద్రపు ఒడ్డున వేట మీద బతికిన కుటుంబం. ఆయన మాత్రం వల వదిలి సరుకు ఓడ ఎక్కారు. అధికారుల గదులు ఊడ్చి, పక్కలు సర్దే ఉద్యోగం. దాదాపు యాభై ఏళ్ళ కిందట జర్మనీలో ఒక రేవులో ముసలి కెప్టెన్ ఉద్యోగం చాలించుకుని దిగిపోతూ, తన గదిని ఇంత శుభ్రంగా ఉంచినవాడు మరొకడు లేడని, ఆ గదిలోని వాక్యూమ్ క్లీనర్‌ను ఆయన చేతిలో పెట్టాడు. చూడ్డానికి గ్యాసు సిలిండరును పక్కకి పడుకోబెట్టినట్టుంటుంది. ముందు పొడుగాటి గొట్టం, వెనక గుడ్డ సంచి, కింద చిన్న చక్రాలు. వీధిలోవాళ్ళు దానికి ఏనుగు అని పేరు పెట్టారు. బుల్లియ్య గారు రోజూ పొద్దున్న టిఫిన్ కాగానే దాన్ని ఇల్లంతా తిప్పి, సంచి దులిపి, పాత బనీనుతో ఒళ్ళు తుడిచి, కిటికీ పక్కన నిలబెట్టేవారు. పెళ్ళాన్ని కూడా అంత శ్రద్ధగా చూసుకునేవారని వినికిడి. ఇది కొంచెం అరుదు.

ఆయన బతికున్న రోజుల్లో వీధి ఆ ఏనుగును తన శక్తికొద్దీ గౌరవించింది. దాని మోతకి టీవీలో భక్తి కార్యక్రమం వినబడటం లేదని ఎదురింటి ఉదయ్‌కుమార్ గారు పదిమందిని వెంటేసుకుని వెళ్ళి మాట్లాడారు. "ఇది నాగరికులుండే వీధి, బుల్లియ్యా. ఊడ్చుకోడానికి చీపురు లేదా ఏంటి?" అన్నారు. బుల్లియ్య గారు మంచినీళ్ళిచ్చి పంపించారు.

ఉదయ్‌కుమార్ గారు ఇన్సూరెన్స్ కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవారు. చావు జరిగిన ఇంట్లో ఎంతసేపు కూర్చోవాలో, ఏ మాట దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకోవాలో ఆయనకి వృత్తిరీత్యా తెలుసు. రిటైరయ్యాక తీరిక ఎక్కువై, నిడదవోలు వారసత్వ సంపద పరిరక్షణ సమితిని స్థాపించి, తన్ను తానే అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. డాబా పైగదిలో విరిగిన గ్రామఫోను గొట్టం ఒకటి, పలకని రేడియోలు కొన్ని చేర్చి వారసత్వ మందిరం అని బోర్డు రాయించారు. ఒకరోజు ఫోనులో ఏదో చూస్తుండగా, సరిగ్గా బుల్లియ్య గారి ఏనుగులాంటి దాన్ని ఎక్కడో విదేశీ మ్యూజియంలో అద్దాల వెనక పెట్టి, జనం వరసలో నిలబడి చూస్తున్న దృశ్యం కనిపించింది. ఆ క్షణం నుంచి ఆయనకి ఆ మోత వినసొంపుగా ఉంది. నెల తిరక్కుండానే బుల్లియ్య గారు పోయారు. ఈ రెంటికీ సంబంధం లేదు.

పరామర్శకి ఊళ్ళో ఎవరైనా ఒకసారి వెళ్తారు. ఉదయ్‌కుమార్ గారు రోజూ వెళ్ళారు. అప్పటిదాకా ఆయన ఆవిడని పిలవాల్సి వస్తే "అచ్చాయమ్మా" అనేవారు. మొదటి రోజు "అచ్చాయమ్మ గారూ" అన్నారు. దినం వెళ్ళేసరికి "పిన్నిగారూ" దాకా వచ్చారు. వేటకెళ్ళే కులానికీ, ఇరవై ఎకరాల మాగాణి రైతు కొడుకుకీ మధ్య ఇంత త్వరగా బంధుత్వం కలిపిన యంత్రం ఈ డెల్టాలో మరొకటి లేదు.

"ఏంటండీ, రోజూ శ్రమపడి వస్తున్నారు," అంది ఆవిడ.

"శ్రమేంటి పిన్నిగారూ. ఆయన లేని లోటు మా అందరిదీ."

ఆవిడ నమ్మింది. డెబ్భై అయిదేళ్ళు దాటిన మనిషి, పిల్లల్లేరు, మాట్లాడ్డానికి మనిషి దొరకడమే గొప్పగా ఉంది. తానూ రోజూ పొద్దున్నే ఏనుగుని తిప్పుతున్నానని చెప్పింది. "ఊడ్చడానికేం లేదండి, ఇల్లు శుభ్రంగానే ఉంటుంది. ఆ చప్పుడు వినబడకపోతే ఇంట్లో ఎవరూ లేరని తెలిసిపోతుందండి." ఉదయ్‌కుమార్ గారు సరిగ్గా అక్కడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఈ పుణ్యకార్యానికి భీమవరం నుంచి అడ్డు వచ్చింది. రొయ్యల మేత వ్యాపారంలో బాగా కలిసొచ్చిన సురేంద్ర అనే కుర్రాయన బైపాసు రోడ్డు మీద పాతకాలం పద్ధతిలో కొత్త హోటలు కడుతున్నాడు. ఏనుగు కబురు తెలిసి, కొనుక్కుందామని కారేసుకుని వచ్చాడు.

"పైకప్పు నుంచి వేలాడదీసి లోపల రంగుల లైటు పెడతానండి. బిర్యానీ తింటూ అందరూ దీంతో ఫొటోలు దిగుతారండి," అన్నాడు.

"దాంతో ఊడుస్తారా బాబూ?" అని అడిగింది అచ్చాయమ్మ గారు.

"ఊడ్చడానికి మనుషులున్నారు కదండీ."

ఆవిడ ఆలోచించి చెప్తానంది. ఈ మాట ఎదురింటికి చేరగానే ఉదయ్‌కుమార్ గారి రక్తపోటు పెరిగింది. నిడదవోలు సంపద భీమవరం తరలిపోతుంటే చూస్తూ ఊరుకోవడం చారిత్రక ద్రోహమని సమితి అత్యవసరంగా తీర్మానించి, బుల్లియ్య గారికి ఘనంగా సంస్మరణ సభ జరపాలని నిశ్చయించింది.

సభకి ఫ్లెక్సీ వేశారు. బుల్లియ్య గారి ఫొటో ఆధారు కార్డు మీద తప్ప ఎక్కడా దొరకలేదు. అందుకని ఫ్లెక్సీలో వాక్యూమ్ క్లీనర్ పెద్దదిగానూ, దాని పక్కన నమస్కరిస్తున్న ఉదయ్‌కుమార్ గారు ఇంకొంచెం పెద్దగానూ, మూలన గుండ్రంగా బుల్లియ్య గారూ వచ్చారు. కల్యాణ మండపం నిండింది. భోజనాలున్నాయని ముందే చెప్పారు.

ఉదయ్‌కుమార్ గారు మైకు అందుకున్నారు. "బుల్లియ్య గారు వ్యక్తి కారు, వ్యవస్థ. దేశమంతా ఇంకా చీపురు పట్టుకున్న రోజుల్లోనే ఆయన గొట్టం పట్టుకున్నారు. భగీరథుడు గంగను తెస్తే, ఈ అపర భగీరథుడు సప్తసముద్రాల ఆవల నుంచి స్వచ్ఛతను తెచ్చారు. ఆ యంత్రనాదం మా వీధికి సుప్రభాతం. అది వినకుండా నేను ఏనాడూ కాఫీ ముట్టలేదు." ఆ తర్వాత ఒక వార్డు పెద్ద లేచి, బుల్లియ్య గారు తనకి పితృసమానులని గద్గద స్వరంతో చెప్పారు. ఆ పెద్దమనిషి బుల్లియ్య గారికంటే నాలుగేళ్ళు పెద్ద. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

చివర్లో అచ్చాయమ్మ గారిని రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆవిడకి మైకు ఎంత దూరంలో పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆయన ఇంతటివారని నాకు తెలీదండి. ఆయనకీ తెలీదు. మన చప్పుడు అందరికీ ఇబ్బందిగా ఉందేమోనని ఆఖరు దాకా బాధపడేవారండి. మీరంతా ఇంత ప్రేమగా ఉన్నారని తెలిస్తే ఇంకో నాలుగు రోజులు బతికేవారేమో." అక్కడ ఆగి కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఏనుగుని ఉదయ్‌కుమార్ గారికే ఇస్తానండి. కాకపోతే ఒక్కటి. రోజూ పొద్దున్న ఓసారి తిప్పండి బాబూ. మీ డాబా మీద తిప్పితే మా ఇంట్లోకి వినబడుద్ది."

"ప్రాణమున్నంత వరకు, పిన్నిగారూ," అన్నారు ఉదయ్‌కుమార్ గారు, మైకులోనే. చప్పట్లు మోగాయి. ఎవరి ప్రాణమో ఆయన చెప్పలేదు.

ఎదురింటి నుంచి ఎదురింటికి నేరుగా తీసుకెళ్తే చరిత్ర అనిపించుకోదు కనక, ఏనుగుని బంతిపూలతో అలంకరించిన ట్రక్కు ఆటోలో ఎక్కించి, డప్పులతో ఊరంతా ఊరేగించి, సాయంత్రానికి రోడ్డుకి అవతలి పక్క దింపారు. కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్ళు మోటారులోకి వెళ్ళకుండా ఉదయ్‌కుమార్ గారి భార్య రాణి గారు అడ్డంగా తువ్వాలు పట్టుకున్నారు. వారసత్వ మందిరంలో ఆ సాయంత్రం జరిగిన పరిరక్షణ ఇంతే.

మర్నాడు పొద్దున్న అచ్చాయమ్మ గారు టిఫిన్ చేసి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఏమీ వినబడలేదు. ఊరేగింపు బడలికలో ఉండి ఉంటారనుకుంది. ఆ మర్నాడూ కూర్చుంది. మూడోనాడు రోడ్డు దాటి వెళ్ళి అడిగింది.

"వారసత్వ వస్తువుని వాడకూడదు పిన్నిగారూ. వాడితే అరుగుతుంది. ప్రపంచమంతా ఇదే పద్ధతి," అని ఉదయ్‌కుమార్ గారు ఓపిగ్గా వివరించారు. ఏనుగు అప్పటికే అద్దాల పెట్టెలో ఉంది. ముట్టుకోరాదు అని మూడు భాషల్లో రాశారు.

"మాటిచ్చారు కదండీ," అని రాణి గారు భర్తతో వంటింట్లో మెల్లగా అన్నారు. "ఆవిడ వాకిట్లో అలా కూర్చుంటే నాకు కాఫీ దిగడం లేదు."

ఉదయ్‌కుమార్ గారు ఇచ్చిన మాట తప్పే మనిషి కారు. మర్నాడు డాబా మీద లౌడ్‌స్పీకరు పెట్టించి, ఫోనులో వాక్యూమ్ క్లీనర్ చప్పుడు వెతికి వినిపించారు. ఎవరో విదేశీయులు పసిపిల్లల్ని నిద్రపుచ్చడానికి పెట్టుకునే చప్పుడట అది. అచ్చాయమ్మ గారు లేచి నిలబడి విన్నది. మధ్యలో రాజమండ్రి శివార్లలో ప్లాట్ల ప్రకటన వచ్చింది. బ్యాంకు రుణ సౌకర్యం కలదు అన్నాక మళ్ళీ చప్పుడు మొదలైంది.

"ఇది మాది కాదండి," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

మందిరం ప్రారంభోత్సవానికి రాజమండ్రి నుంచి ముఖ్య అతిథి వచ్చారు. ఆయన దేనికి ముఖ్యులో ఎవరూ అడగలేదు. ఎర్ర తివాచీ పరిచారు, పూలు చల్లారు, పటాసులు కాల్చారు. పైగదిలో పెద్దలందరూ వరసగా కుర్చీల్లో కూర్చున్నాక, ఉదయ్‌కుమార్ గారు ఏనుగు విశిష్టతను వర్ణించడం మొదలుపెట్టారు. ఆ వర్ణన సాగుతుండగానే అచ్చాయమ్మ గారు లోపలికి వచ్చి, అద్దం తలుపు తీసి, ఏనుగుని కిందికి దించి, కొంగుతో దాని నెత్తిన కుంకుమ తుడిచి, తీగని గోడకున్న ప్లగ్గులో పెట్టి స్విచ్చి వేసింది.

గూడ్సు బండి వంతెన ఎక్కినట్టు మోత లేచింది. ఇది కూడా కార్యక్రమంలో భాగమే అనుకుని సభ చప్పట్లు కొట్టింది. ఫోనులు పైకి లేచాయి. ఆవిడ ఎవరినీ పట్టించుకోకుండా తివాచీ మీద పూరేకులన్నీ లాగేసి, గుమ్మం దగ్గర పటాసుల కాగితాలు లాగేసి, పెద్దల వరస దగ్గరికి వచ్చింది.

"కాళ్ళు కాస్త పైకి పెట్టండి బాబూ," అంది ముఖ్య అతిథితో.

ఆయన పెట్టారు. ఆయన పెట్టారు కనక వార్డు పెద్ద పెట్టారు. వార్డు పెద్ద పెట్టారు కనక వరసంతా పెట్టారు. నిడదవోలు ప్రముఖులందరూ కాళ్ళు గాల్లోకి లేపుకుని కూర్చుండగా ఆవిడ వారి కింద శుభ్రం చేసింది. అది అయ్యాక స్విచ్చి ఆపి, తీగ చుట్టి, "ఎవరైనా ఓ చెయ్యి వెయ్యండి," అంది. నలుగురు సమితి సభ్యులు ఊరేగింపు మళ్ళీ మొదలైందనుకుని, ఏనుగుని భక్తితో మెట్లు దింపి, రోడ్డు దాటించి, ఆవిడ హాల్లో కిటికీ పక్కన పెట్టి వచ్చారు. ఉదయ్‌కుమార్ గారు మైకు పట్టుకునే ఉన్నారు. బుల్లియ్య గారి ఏనుగుని అంతసేపు పొగిడాక, ఆయన ధర్మపత్నిని ఆపమని ఎలా అంటారు. ఆయన కూడా చప్పట్లు కొట్టారు. వెనక వరసలో రాణి గారు అందరికంటే గట్టిగా కొట్టారు.

సాయంత్రం ఆయన బతిమాలడానికి వెళ్తే అచ్చాయమ్మ గారు టీ ఇచ్చింది. "మీకు పెట్టుకోవడం ఇష్టం, నాకు తిప్పుకోవడం ఇష్టం. ఎవరి ఇష్టం వాళ్ళది బాబూ. అప్పుడప్పుడు వస్తుండండి," అంది. ఆయన ఆ తర్వాత ఆ ఇంటికి వెళ్ళలేదు. పిన్నిగారు అనే పిలుపు కూడా మరి వినబడలేదు.

మందిరం మాత్రం దివ్యంగా నడుస్తోంది. ఖాళీ అద్దాల పెట్టె పక్కన నిలబడి సందర్శకులు ఫొటోలు దిగుతున్నారు. లోపల ఏమీ లేదేమిటని ఇంతవరకు అడిగినవారు లేరు.

సమితి జరిగినదాన్ని సమీక్షించుకుని గొప్ప సత్యం గ్రహించింది. పోయినవారి ఇంట్లో అడగడం కంటే, పోబోయేవారితో ముందుగా మాట్లాడుకోవడం శ్రేయస్కరం. ఆ ప్రకారం పెద్దల పరామర్శ కార్యక్రమం మొదలైంది. ప్రతి ఆదివారం సభ్యులు పళ్ళు పట్టుకుని ఒంటరిగా ఉన్న వృద్ధుల ఇళ్ళకి వెళ్తున్నారు. ఒంట్లో ఎలా ఉందని అడుగుతున్నారు. జవాబు వింటున్నారు. పాత వస్తువులు ఏమైనా ఉన్నాయా అని తర్వాత అడుగుతున్నారు. లేవన్నవారి ఇంటికి రెండోసారి వెళ్ళడం లేదు. ఈ సంగతి ఊళ్ళో వృద్ధులకి చాలా త్వరగా అర్థమైంది.

రైల్వే గేటు దగ్గరుండే పాపాయి గారికి ఎనభై దాటాయి. మొన్న ఆదివారం ఉదయ్‌కుమార్ గారు వెళ్ళారు.

"అటక మీద ఓ పెద్ద పెట్టుందండి. మా ఆయనది. అందులో ఏముందో చెప్తే మీరు నమ్మరు," అంది ఆవిడ.

"చెప్పండి అమ్మమ్మగారూ," అన్నారు ఆయన, కుర్చీ దగ్గరికి లాక్కుని.

"ఇవాళ ఆయాసంగా ఉందండి. వచ్చే ఆదివారం రండి, చెప్తాను. కాస్త పొద్దున్నే రండి, కబుర్లు చెప్పుకోవచ్చు."

పాపాయి గారిది రేకుల ఇల్లు. దానికి అటక లేదు. తల పైకెత్తితే ఎవరికైనా ఈ సంగతి తెలుస్తుంది. పరామర్శకి వెళ్ళినవారు తల వంచుకుని కూర్చోవడం మర్యాద కనక ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఆవిడ మాత్రం ఆదివారానికి రెండు గ్లాసులు కడిగి బోర్లించి పెట్టుకుంది.