ట్రాన్స్‌ఫార్మర్ ముందు పదకొండు కూలర్లు

జూలైలో ఒక బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు బస్రా నగరం పడవలవాళ్ల వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కాలిపోయే సమయానికి దాని ముందు పదకొండు ఎయిర్ కూలర్లు తిరుగుతున్నాయి.

ఉదయం అనుకున్నది వేరు. థామిర్ నిమ్మ టీ తాగుతుండగా విద్యుత్ శాఖ ఇంజనీరు వామిద్ ఫోన్ చేశాడు. మధ్యాహ్నం నమాజు అయ్యాక వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు కొలుస్తానన్నాడు. మోయాల్సిన దానికన్నా ఎక్కువ మోస్తున్నట్టు మీటరులో తేలితే వీధికి రెండో ట్రాన్స్‌ఫార్మర్ ఇస్తారు. తేలకపోతే ఇవ్వరు. రెండు వేసవులుగా వీధివాళ్లు ఆఫీసు చుట్టూ తిరుగుతున్నందుకు వచ్చిన మొదటి జవాబు అది.

రెండోది అందరికీ కావాలి. థామిర్‌కు ఇంకాస్త ఎక్కువ కావాలి. అతని భార్య రబాబ్ జూన్ చివర్లో పెట్టె సర్దుకుని, కాలువ అవతల ఉన్న అక్క నిదాల్ ఇంటికి వెళ్లిపోయింది. అక్కడ వోల్టేజీ బాగుంటుంది. ఇక్కడ పొద్దెక్కేసరికి పడిపోతుంది. ఏసీ మూలుగుతుంది, ఆగుతుంది, మళ్లీ మూలుగుతుంది. కరెంటు పోయినప్పుడు వీధి జనరేటరు ఉంది కానీ అది ఒక ఫ్యానుకూ రెండు లైట్లకూ సరి.

"ముప్పై ఏళ్లు ఊరందరి ట్రాన్స్‌ఫార్మర్లకూ రాగి చుట్టావు," అంది రబాబ్ వెళ్లేరోజు గుమ్మంలో నిలబడి. "నా ఇంట్లో ఏసీ గంటసేపు తిరగదు. మధ్యాహ్నమంతా ఆగకుండా తిరిగిన రోజు కబురు పెట్టు, వస్తాను."

ఆమె అన్న మాటలో అబద్ధం లేదు. థామిర్‌ది వైండింగ్ షాపు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్ వస్తే నూనె దింపి, మూత తీసి, మాడిన రాగి చుట్టలు తీసేసి కొత్తవి చుట్టేవాడు. అందులో ఏముంటుందని ఎవరైనా అడిగితే ఒకటే చెప్పేవాడు. పల్చటి ఇనుప రేకుల దొంతర ఉంటుంది. దాని మీద రెండు రాగి చుట్టలుంటాయి. ఒకదాంట్లోకి పదకొండు వేల వోల్టులు వస్తాయి, రెండోదాంట్లోంచి ఇళ్లకు పనికొచ్చే నాలుగొందలు బయటికి పోతాయి. రెండు చుట్టలూ ఎన్నడూ ఒకదాన్నొకటి తాకవు. నడుమ నూనెలో నానిన కాగితం ఉంటుంది. ఆ కాగితం మాడనంత కాలం సంసారం సాగుతుంది.

రబాబ్ వెళ్లాక వీధి అతనికి అన్నం పంపింది. అన్నంతోపాటు మాటలూ పంపింది. హజ్ యాత్ర చేసొచ్చిన ఎదురింటి హజ్జా బద్రియా చేపల కూర గిన్నె చేతికిస్తూ, చుట్టలు చుట్టడం వచ్చినవాడికి పెళ్లాన్ని బుజ్జగించడం రాదా అని రోజూ అడిగేది. ఆవిడ థామిర్ తల్లి స్నేహితురాలు. ఆవిడకు జవాబు చెప్పే అలవాటు వీధిలో ఎవరికీ లేదు.

ఇంజనీరు ఫోన్ పెట్టేయగానే థామిర్ ఇల్లిల్లూ తిరిగాడు. మసీదులో మధ్యాహ్నం నమాజు పిలుపు, బాంగు, వినపడగానే ఇంట్లో ఉన్నవన్నీ వేయమన్నాడు. ఏసీలు, ఇస్త్రీ పెట్టెలు, మోటార్లు. ఒకావిడ గీజరు కూడా వేయమంటావా అని అడిగింది. బయట యాభై డిగ్రీలు ఉంది. వేయమన్నాడు. మూల మీద వెల్డింగ్ షాపు కహ్తాన్, తన మిషను వాకిట్లోకి తెచ్చి ఏదో ఒక గేటు అతికిస్తూ ఉంటానన్నాడు. ఏ గేటూ లేకపోతే తన గేటే కోసి మళ్లీ అతికిస్తానన్నాడు.

ఒప్పుకోనిది హజ్జా ఒక్కతే. ట్రాన్స్‌ఫార్మర్ ఆవిడ గోడ పక్కనే, రెండు స్తంభాల మధ్య ఎత్తుగా కట్టిన దిమ్మె మీద ఉంది. వేసవి వచ్చిందంటే రోజూ మధ్యాహ్నం గొట్టంతో, వేడి బయటికి పోయే దాని ఇనుప రెక్కల మీద నీళ్లు పోయడం ఆవిడ పని. బస్రాలో ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు ఆ పని చేస్తారు. ఆవిడ మాత్రం పోసేటప్పుడు దానితో మాట్లాడుతుంది కూడా.

"దానికి జ్వరం తెప్పించి మరీ డాక్టరుకు చూపిస్తావా?" అంది.

"జ్వరం లేదంటే మందివ్వడు కదా హజ్జా."

ఇవాళ ఒక్కరోజు నీళ్లు పోయకుండా ఉండమని బతిమాలాడు. చల్లబడితే ఇంజనీరు దాని ఒంటి మీద చెయ్యి వేసి బాగానే ఉందంటాడని భయం. చివరికి రబాబ్ పేరు ఎత్తాడు. హజ్జా మెత్తబడింది. నీళ్లు పోయనని ఒట్టు వేసింది.

బాంగు వినపడింది. వీధి మొత్తం ఒక్కసారిగా మీటలు నొక్కింది. ట్రాన్స్‌ఫార్మర్ గొంతు లావయింది. ఇనుప రేకులు ఎప్పుడూ సన్నగా రొద పెడతాయి. లోడు పెరిగితే ఆ రొద గోడ అవతలికి వినిపిస్తుంది. థామిర్ దాని కింద కుర్చీ వేసుకుని కూర్చుని వింటున్నాడు. అతని మొహంలో సంతోషం ఉందని కహ్తాన్ తరవాత చెప్పాడు.

ఇంజనీరు రాలేదు. ఫోన్ చేస్తే వంతెన దగ్గర ఉన్నానన్నాడు. ఇంకాసేపాగి చేస్తే వంతెన మీద ఉన్నానన్నాడు.

ఈలోగా ఫ్యూజు పోయింది. సగం వీధి ఆగిపోయింది. థామిర్ ఇంటికి పరుగెత్తి నిచ్చెన తెచ్చాడు. ఫ్యూజు పోవడం మంచిదని అతనికి తెలుసు. మోయలేనప్పుడు చెప్పడానికే అది ఉంది. షాపులో పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు మొదటిరోజే చెప్పే పాఠం అది. కానీ ఇంజనీరు వచ్చి చూస్తే సగం లోడే కనిపిస్తుంది. ఫ్యూజు తీగ స్థానంలో వేలి లావు రాగి తీగ బిగించాడు. ఇంజనీరు వెళ్లగానే తీసేయవచ్చనుకున్నాడు.

"బాబాయ్, నీ షాపులో అయితే అలా పెట్టినవాణ్ణి తన్నేవాడివి," అన్నాడు కహ్తాన్ నిచ్చెన పట్టుకుని.

"నీ గేటు చూసుకో."

వీధి మళ్లీ వెలిగింది. ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ రొదకు హజ్జా ఇంట్లో అల్మరాలోని గ్లాసులు కదిలాయి. ఆవిడ బయటికి వచ్చి తల ఎత్తి చూసింది. లోపలికి వెళ్లింది. కాసేపటికి తన ఎయిర్ కూలరును ఈడ్చుకుంటూ వచ్చి, బల్ల మీద పెట్టించి, ట్రాన్స్‌ఫార్మర్ వైపు తిప్పి, ఇంట్లోంచి తీగ లాగి వేసింది.

థామిర్ ఒట్టు గుర్తు చేశాడు.

"నీళ్లు పోయనన్నాను. గాలి వేయనన్నానా?"

హజ్జా కూలరు తెచ్చాక పక్కింటివాళ్లు ఊరుకుంటే బాగుండదు. వాళ్లూ తెచ్చారు. వాళ్లను చూసి ఎదురింటివాళ్లు తెచ్చారు. బల్లలు అయిపోతే కహ్తాన్ తన పికప్ బండి వెనకభాగం ఇచ్చాడు. దాని మీద మూడు కూలర్లు పట్టాయి. ఎవరి కూలరు గాలి రెక్కలకు తిన్నగా తగులుతోందన్న దాని మీద ఇద్దరు ఆడవాళ్లకు మాటామాటా వచ్చింది. థామిర్ మొదట వద్దనలేదు. ఒక్కో కూలరూ వేసేకొద్దీ లోడు పెరుగుతోంది. అతనికి కావలసింది అదే. మనసులో లెక్క వేసుకున్నాడు. మీటరు చూస్తే ఇంజనీరు రెండోది కాదు, మూడోది కూడా ఇస్తాడనుకున్నాడు.

ఆ తరవాత రొద మారింది. సన్నగా, లోపల ఏదో వేగుతున్నట్టు వచ్చింది. ఆ చప్పుడు థామిర్ ఎన్నోసార్లు విన్నాడు. కాగితం మాడేటప్పుడు వస్తుంది. లేచి నిలబడ్డాడు. కూలర్లు ఆపమన్నాడు. అవి దానికి గాలి వేస్తున్నాయి, కానీ ఆ గాలికి కావలసిన కరెంటు దాని కడుపులోంచే లాగుతున్నాయి. చల్లబరచడానికి ఎన్ని తెస్తే అది అంత కాగుతుంది. ఇదంతా అతను ఒక్క గుక్కలో చెప్పాడు.

హజ్జా అతనివైపు చూసింది. "ఊపిరాడక కొట్టుకుంటున్నవాడి దగ్గర విసనకర్ర ఆపమంటున్నాడు," అంది పక్కావిడతో. "రబాబ్ ఊరికే వెళ్లలేదు."

అందరూ కూలర్లు పెద్ద స్పీడులో పెట్టారు. వాటిలో ఒక దానికి మరీ పెద్ద మోటారు ఉంది.

థామిర్ నిచ్చెన కోసం చూశాడు. తను బిగించిన తీగ తనే పీకాలి. నిచ్చెన మీద ఎవరో కూలరు పెట్టారు. అతను అటు అడుగు వేసేలోగా లోపల ధబ్ మంది. మూత పక్కనుంచి నల్లటి నూనె చిమ్మి అతని చొక్కా మీద పడింది. పదకొండు కూలర్లూ మెల్లగా తిరగడం మానేశాయి. వీధిలో ఇంత నిశ్శబ్దం ఏప్రిల్ తరవాత ఎవరూ వినలేదు.

ఇంజనీరు వామిద్ పావుగంటకు వచ్చాడు. బండి దిగి కూలర్లను చూశాడు. ట్రాన్స్‌ఫార్మర్‌ను చూశాడు. వచ్చిన పని చేయకుండా పోకూడదని కాబోలు, నిచ్చెన మీది కూలరు దింపించి, ఎక్కి, తీగకు మీటరు తగిలించి చూశాడు.

"లోడు సున్నా," అన్నాడు.

"ఇంతకుముందు వచ్చి ఉంటే," అని థామిర్ మొదలుపెట్టాడు.

"లోడు ఎక్కువుంటే రెండోది ఇస్తాం. కాలిపోతే దీని బదులు ఇంకొకటి ఇస్తాం. అది ఒక్కటే. అదీ బాగుచేసిన పాతది." ఫ్యూజు పెట్టె తెరిచి లోపల చూశాడు. "ఈ తీగ పెట్టింది ఎవరు?"

వీధి ఆకాశం వైపు చూసింది. థామిర్ నోరు తెరవబోయాడు. హజ్జా అతనికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"మేమందరం పెట్టాం నాయనా. నిచ్చెన నేను పట్టుకున్నాను."

వామిద్ ఆవిడ వయసు చూశాడు. మరేమీ అడగలేదు. అతని ఫోను మోగుతూనే ఉంది. వింటూ వింటూ అతను హజ్జా గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. ఫ్యూజు ఆపనిదాన్ని చివరికి సబ్‌స్టేషన్ ఆపింది. వీధికొక ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా, వాటన్నిటికీ పదకొండు వేల వోల్టులు తెచ్చే లైను ఒక్కటే. ఆ లైనే ఆగిపోయింది. కాలువ అవతల కూడా కరెంటు లేదు.

థామిర్ అది విని ఇంటికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నిదాల్ వీధి కాలువ అవతలే. ఇక కబురు పెట్టే మొహం కూడా లేదనుకున్నాడు.

ఎండ దిగాక తలుపు చప్పుడైంది. రబాబ్ పెట్టెతో నిలబడి ఉంది. లోపలికి వచ్చి, పెట్టె దించి, వంటింట్లో మాడిన గిన్నె చూసి, వెనక్కి వచ్చింది.

"అక్క ఇంట్లో కూడా పోయింది," అంది. "ఎనిమిది మందిమి ఒక్క ఫ్యాను కింద. ఉక్కలో చావాలంటే నా ఇంట్లోనే చస్తాను, పరాయి ఉక్క నాకెందుకు?" అతని చొక్కా దగ్గరగా చూసింది. వాసన చూసింది. ముప్పై ఏళ్లు ఆ వాసన ఉతికిన మనిషి. "ఎవరు కాల్చారు?"

"నేనే."

"ఎందుకు?"

ఏసీ తిరగడానికని అతను చెప్పాడు. కూలర్ల సంగతి, తీగ సంగతి, హజ్జా మాట, అన్నీ వరసగా చెప్పాడు. అతను చెబుతుండగానే రబాబ్ కూర్చుంది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని అతను మంచినీళ్లు తెచ్చాడు.

"అక్క వీధిలో ఆడవాళ్లమందరం గుమ్మాల్లో కూర్చుని, ఇది ఎవడు కాల్చాడో వాణ్ణి తిట్టాం," అంది నవ్వు ఆపుకుని. "అందరికన్నా ఎక్కువ నేనే తిట్టాను. మంచి తిట్లు. నువ్వు విని ఉంటే బాగుండేది."

"ఒకటి చెప్పు."

"చొక్కా విప్పు ముందు. ఆ మరక నా చేతికి తప్ప పోదు."

కాలువ అవతల కరెంటు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. నిదాల్ ఫోన్ చేసి ఏసీ తిరుగుతోంది రమ్మంది. పడవలవాళ్ల వీధికి ట్రాన్స్‌ఫార్మర్ ఆదివారం దాకా రాలేదు. రబాబ్ వెళ్లలేదు.