పొట్లం మాది, పప్పు కాదు

ఆదోని బజారులో పప్పుల కొట్టు నడిపే ఆంజనేయులు ఆ రోజుకు వేసుకున్న లెక్క తేలికైనదే. పదకొండు గంటలకు ఎమ్మిగనూరు బస్సు దిగి సిద్దమ్మ వస్తుంది. ఆమె అక్కడ రెండు హాస్టళ్లకు వంట చేయిస్తుంది. ముందు మజ్జిగ, తర్వాత కుశలం, ఆ తర్వాతే కందిపప్పు మాట. గోదాములో ఉన్న నలభై మూటలూ ఆమె తీసుకుంటే దేవనకొండ వైపు నుంచి కొత్త కందులు దిగేలోగా చోటు ఖాళీ అవుతుంది. తీసుకోకపోతే ఆ నలభై మూటలూ పురుగులకు భోజనం.

ఎనిమిదో తరగతి చదివే కూతురు ప్రియాంక బడికి బయలుదేరుతూ కందిపప్పు అడిగింది.

"ల్యాబ్‌లో పరీక్ష చేస్తారంట నాన్నా. ఊరికే గుప్పెడు సాలు."

ఆంజనేయులు ఏదీ ఊరికే ఇచ్చే మనిషి కాదు. కొట్టు పేరు అచ్చు వేసిన పొట్లంలో పావుకిలో పోసి ఇచ్చాడు. క్లాసులో పిల్లలంతా ఆ పేరు చదివితే అది ప్రతి ఇంటికీ చేరుతుంది. అంత చవకగా బోర్డు రాసేవాడు ఊళ్లో లేడు.

పది గంటలకు హమాలీ మద్దయ్య రొప్పుతూ వచ్చాడు. ప్రియాంక మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి బడికి వెళ్లి, పనిలో పనిగా ల్యాబ్ కిటికీలోంచి తొంగి చూసి వచ్చాడు.

"అన్నా, కొంప మునిగె! మేడమ్ గాజు గొట్టాల్లో ఏందో నీలం మందు పోసినాది. సక్కెర నీళ్లు నీలంగానే ఉండాయి. సగ్గుబియ్యం నీలంగానే ఉండాది. మన పప్పు ఒక్కటే వంకాయ రంగు తిరిగె! పిల్లోళ్లంతా ఓ అని అరిసినారు. మేడమ్ బోర్డు మీద మన కొట్టు పేరు రాసినాది."

"వంకాయ రంగా?"

"లేత వంకాయ కాదన్నా. బాగా ముదురు."

ఆంజనేయులు మూటల దగ్గరకు పరుగెత్తాడు. కందులు తనే ఏరి కొన్నాడు, మిల్లులో తనే నిలబడి ఆడించాడు. అయినా మిల్లువాడు రంగేమైనా కలిపాడేమో! గుప్పెడు పప్పు తడిగుడ్డలో వేసి నలిపాడు. గుడ్డ తెల్లగానే ఉంది. అతనికి ఇంకా భయం వేసింది. తడిగుడ్డకే దొరకలేదంటే అది మామూలు రంగు కాదన్నమాట.

ఇలాంటప్పుడు ఏం చేయాలో వాళ్ల నాన్న ఎప్పుడో చెప్పిపోయాడు. ఫిర్యాదు వస్తే ముందు మాది కాదను, తర్వాత తీరిగ్గా విను. ముప్పై ఏళ్లుగా కొట్టు ఆ మాట మీదే నడుస్తోంది. అంతలో ఫోన్ మోగింది. సైన్సు టీచర్ శాంతాబాయి.

"ఆంజనేయులు గారూ, మీ పప్పు గురించి మాట్లాడాలండీ. ఈ రోజు క్లాసులో..."

"అది మా పప్పు కాదు మేడమ్."

"పొట్లం మీద మీ పేరే ఉంది కదా?"

"పొట్లం మాది. పప్పు మా ఎదురుకొట్టు గోవిందన్నది."

"అట్లనా? అయితే ఆయనతోనే మాట్లాడతాను. ఇంటర్వెల్‌లో వస్తాను."

ఫోన్ పెట్టేశాక ఆంజనేయులుకు తన మాటకు సాక్ష్యం లేదని తోచింది. వెంటనే మద్దయ్యను ఎదురుకొట్టుకు పంపాడు.

"రెండు కిలోల కందిపప్పు తీసుకో. నా పేరు మీద బిల్లు రాయించు."

గోవిందన్నకూ అతనికీ ఇరవై ఏళ్ల పోటీ. ఆ పోటీదారే తన పప్పు కొంటున్న సంతోషాన్ని గోవిందన్న లోపల దాచుకోలేకపోయాడు. బజారంతా వినేటట్టు కేక వేశాడు.

"ఏమిరా మద్దయ్యా, ఆంజనేయులింటికా? ఉండు, మంచిది తూకమేస్తా!"

పది నిమిషాల్లో ఆంజనేయులు తన పప్పు తను తినడని బజారు ఈ చివర నుంచి ఆ చివరకు తెలిసిపోయింది. బస్సు దిగి నడిచి వస్తున్న సిద్దమ్మకు ఆ మాట దారిలోనే ఎదురైంది. ఆమె మజ్జిగ గ్లాసు ముట్టుకోలేదు.

"ఏమప్పా, నీ ఇంట్లోకి గోవిందన్న పప్పంట. నా పిల్లోళ్లకు మాత్రం నీ పప్పా?"

"అది... ఊరికే బిల్లు కోసమమ్మా."

"బిల్లు వండుకుంటావా?"

ఆమె లేచి రోడ్డు దాటి గోవిందన్న కొట్టు మెట్లెక్కింది. తన నలభై మూటలూ ఆమె వెనకాలే నడిచి పోతున్నట్టు కనిపించింది ఆంజనేయులుకు.

అప్పుడే శాంతాబాయి, ప్రియాంకను వెంటబెట్టుకుని నేరుగా గోవిందన్న దగ్గరకే వచ్చింది.

"మీ పప్పుకు చాలా థ్యాంక్సండీ. అది మీదేనని ఆంజనేయులు గారు ఫోన్‌లో చెప్పారు. మాంసకృత్తులు ఉంటేనే ఆ ఊదారంగు వస్తుంది. పిల్లలకు ఇంత చిక్కగా ఎప్పుడూ చూపించలేదు. రేపటి ఎగ్జిబిషన్‌కు ఇంకో కిలో కావాలి."

గోవిందన్నకు ఏమీ అర్థం కాలేదు. కానీ పొగడ్తను వెనక్కి పంపే అలవాటు అతనికి లేదు.

"మా పప్పు ఎప్పుడూ అంతే మేడమ్. మా తాత కాలం నుంచీ వంకాయ రంగే!"

"అది మా పప్పు మేడమ్!" ప్రియాంక అరిచింది. "మా నాన్నే మూటలోంచి తీసి ఇచ్చినాడు. ఈ కొట్టుకు నేను రానే లేదు."

అందరూ రోడ్డు అవతలికి చూశారు. ఆంజనేయులు చేతిలో తడిగుడ్డతోనే రోడ్డు దాటి వచ్చాడు.

"మాదే మేడమ్," అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆ మాట అనడం అదే మొదలు. "రంగు తిరిగిందంటే కల్తీ అనుకుంటి."

శాంతాబాయి నవ్వు ఆపుకుంది. "ఏ పప్పైనా ఆ రంగే వస్తుందండీ. గోవిందన్న గారిది పోసినా అంతే."

"అయితే పరీక్ష పప్పుకు కాలేదు, మీ ఇద్దరికీ అయింది," అంది సిద్దమ్మ. "ఈయప్ప భయపడి తనదాన్నే కాదన్నాడు. ఆయప్ప ఇంగొకరిది తనదన్నాడు, రవ్వంత కూడా బెదరలేదు. పిల్లోళ్లు తినే కూడు ఇది. నాకు భయముండేటోడే కావల్ల."

ఆమె మళ్లీ రోడ్డు దాటింది. మూడు మూటలు విప్పించి, ఒక్కో మూటలోంచి నాలుగు గింజలు కొరికి చూసి, అరుగు మీద కూర్చుంది.

"నలభై ఎత్తించు. ఆ మజ్జిగ యాడప్పా?"

ఆంజనేయులు పరుగున వెళ్లి మజ్జిగ తెచ్చాడు. ముందు గ్లాసు అందించాడు, తర్వాత లారీకి ఫోన్ చేశాడు.

మధ్యాహ్నం సిద్దమ్మ వాళ్లింట్లోనే భోజనం చేసింది. ఆంజనేయులు భార్య శారద, వంటింట్లో ఎదురుగా కనిపించిన సంచి విప్పి పప్పు వండింది. సిద్దమ్మ రెండోసారి వడ్డించుకుని, "పప్పంటే ఇదప్పా! ఎంత బాగుండాది మీ పప్పు," అంది.

ఆంజనేయులు మూలనున్న ఖాళీ సంచి చూశాడు. పొద్దున మద్దయ్య తెచ్చిన ఆ సంచి మీద గోవిందన్న కొట్టు పేరుంది.

"మాది కాదమ్మా," అన్నాడు.

ఆ రోజు ఆ మాట నిజమైంది అదొక్కసారే.