గాలిలోంచి యూరియా

ఆ పొద్దున్న అరుణశ్రీ పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం క్యారేజీ విప్పేలోగా నీటిని మంచులా చిమ్మించి ఏమవుతుందో చూడాలి. శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో ఆమె కెమిస్ట్రీ లెక్చరర్. నీటిని కంటికి ఆనని తుంపరలుగా చేసి, గాలితో కలిపి, పూత పూసిన రాగి జాలీ మీదికి కొడితే ఫ్యాక్టరీల్లోలా వేడీ ఒత్తిడీ అక్కర్లేకుండానే అమ్మోనియా పుడుతుందని చదివిన దగ్గర్నించీ ఆమెకి వేరే ధ్యాస లేదు. ఫలితం చూపించకపోతే ఆమె ల్యాబు గదిని స్టోర్‌రూమ్ చేసేస్తానని ప్రిన్సిపాల్ గణపతిరావు చెప్పేశాడు కూడా.

గాలి పంపు గొట్టాన్ని వెనక కిటికీలో పెట్టి మిషను వేసింది. జాలీ కింద చేరిన నీటిలో, అమ్మోనియా ఉంటే పసుపు తేల్చే పరీక్ష మందు రెండు చుక్కలు వేసేసరికి అది పసుపు కలిపిన నీళ్ళలా చిక్కబడింది. లేత పసుపు వస్తే చాలనుకున్న మనిషికి ఆనందం పట్టలేదు. గది ఊడుస్తున్న అటెండరు గంగులుతో, గాలీ నీరూ కలిసి యూరియాకి కావలసిన సరుకు తయారైందని చెప్పేసింది.

గంగులుకి అందులో యూరియా ఒక్కటే వినబడింది. నాట్లు వేసి ఎరువు దొరక్క అల్లాడుతున్న బావ సింహాచలానికి వెంటనే ఫోను చేశాడు. సింహాచలం ఆటోలో వస్తూ దారిపొడుగునా చెప్పుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నానికి గేటు నుంచి రోడ్డు దాకా ఖాళీ గోనెలు, వరసలో చోటు కోసం విడిచిన చెప్పులు. ధర్నా అనుకుని ప్రిన్సిపాల్ వెనక గుమ్మంలోంచి జారుకోబోయాడు. యూరియా అని తెలిశాక ముందు గుమ్మంలోకి వచ్చి, ఈ పరిశోధన తన ప్రోత్సాహంతోనే జరిగిందని, సరుకు అందరికీ అందుతుందని హామీ ఇచ్చాడు.

అరుణశ్రీ ల్యాబులోకి పరుగెత్తింది. అంత చిక్కటి పసుపు మీద అప్పుడు అనుమానం పుట్టింది. మిషను ఆపి, ఉత్త నీళ్ళు గిన్నెలో పోసి కిటికీలో పెట్టి, కాసేపాగి మందు వేసింది. మళ్ళీ పసుపే. కిటికీలోంచి తొంగి చూస్తే కింద అబ్బాయిల మూత్రశాల; గాలిలోని అమ్మోనియా అక్కడిదే. దాన్ని కడిగించమని ఏళ్ళ తరబడి అడుగుతున్నది ఆమే.

బయటికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది.

"అంటే మేడంగోరూ, సరుకైతే ఉన్నాది గానీ మీరు సేసింది కాదన్నమాట," అన్నాడు సింహాచలం.

"అవును బాబూ. నేను చేసింది ఉందో లేదో ఇంకా తెలీదు."

"మరి ప్రిన్సిపాలుగోరు అందరికీ ఇస్తానన్నారు గదా. ఎక్కడున్నాదో సూపించమనండి."

గణపతిరావు ముందు నడవక తప్పలేదు. మూత్రశాల గుమ్మం దాకా వెళ్ళి, ఆయనతో సహా అందరూ గోనెలు ముక్కులకి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగారు.

మర్నాడే కడిగించాడు. కిటికీ మూసి, ఉత్త నీళ్ళు ఒక పక్క, తుంపర నీళ్ళు ఒక పక్క పెట్టుకుని అరుణశ్రీ మళ్ళీ మందు వేసి చూసింది. ఉత్త నీళ్ళు రంగు మారలేదు. తుంపర నీళ్ళలో మాత్రం, కళ్ళు చికిలిస్తే కనబడేంత లేత పసుపు. ఆమె చాలాసేపు తనలో తానే నవ్వుకుంది.

ఆ ఏడు కాలేజీకి పరిశుభ్రత బహుమతి వచ్చింది. ఇది కెమిస్ట్రీ విభాగం సాధించిన తొలి ఫలితమని ప్రిన్సిపాల్ వేదిక మీద ప్రకటించాడు.