పన్నెండు పీతల తీర్పు

ఒక పెద్ద అడవిలో న్యాయం ఏటి ఒడ్డున జరిగేది. నేరం మోపినవాణ్ణి నీళ్లలోకి తోసేవారు. మునిగితే ఏరు తనలోకి రానిచ్చింది కాబట్టి నిర్దోషి. ఊపిరి మిగిలుంటే పైకి లాగి దండ వేసేవారు. తేలితే దోషి.

ఈ లెక్కన బాతులు తరతరాలుగా నేరస్థులు. మంగతాయి అనే బాతు వాళ్లమ్మ తేనెపట్టు కొట్టేసిందని రుజువైంది. మేనమామ ఏనుగుపిల్లని ఎత్తుకుపోయాడని రుజువైంది. ఇద్దరినీ అడవి దాటించారు.

ఇప్పుడు వంతు మంగతాయిది. చిరుతపులి దాచుకున్న జింక తొడ పోయింది. గుహ దగ్గర బాతు ఈక కనిపించింది. మంగతాయి అప్పటికి ఐదు గుడ్లు పొదుగుతోంది. తనని వెళ్లగొడితే వాటిమీద కూర్చునే దిక్కు లేదు.

ఆమె నక్క ప్లీడరు జంబుకేశం దగ్గరికి పరుగెత్తింది. ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు. ఫీజు సంగతి పిల్లలు బయటికొచ్చాక చూద్దామన్నాడు, గూటికేసి చూస్తూ.

ఏరు తీర్పు చెప్పినంతకాలం ప్లీడర్లతో పనేముంది? జంబుకేశానికి ఆ దిగులు ఎప్పట్నించో ఉంది. సరిగ్గా అప్పుడే ఏనుగులు సింహంమీద తిరగబడ్డాయి. తోచినప్పుడల్లా శిక్షలు వేస్తే ఊరుకోమని రేవులో చుట్టుముట్టాయి. జంబుకేశం తాను శాసనం రాసిన తాటాకు సిద్ధంగా పట్టుకెళ్లాడు. సింహం చదవకుండానే పంజా ముద్ర వేసింది.

ఇకమీదట రాజైనా చట్టానికి లోబడాలి, ఏ కేసైనా పన్నెండుమంది విచారించాలి. నక్కల ముత్తాతలు మాట్లాడిన భాషలో ఉంది ఆ శాసనం. ఆ పన్నెండుమందీ 'ఏరు దోషి అనని' వాళ్లై ఉండాలని రాస్తే నక్కలకి సరిపోయేది. గంభీరంగా ఉంటుందని 'ఏరు నిర్దోషి అన్న' వాళ్లై ఉండాలని రాశాడు జంబుకేశం.

విచారణ రోజున పన్నెండు నక్కలు వరసగా కూర్చున్నాయి. "అయ్యా, అందులో ఏముందో మాకు తెలిసే మాటల్లో చదివించండి" అని మంగతాయి సింహాన్ని వేడుకుంది. దేనిమీద ముద్ర వేశాడో రాజుకీ తెలుసుకోవాలనే ఉంది.

జంబుకేశం నీళ్లు నములుతూ చదివాడు. నక్కలేవీ ఏట్లో దిగినవి కావు. ఏరు నిర్దోషులన్నవాళ్లలో బతికున్నవాళ్లెవరని సింహం అడిగింది. అడుగు బురదలోంచి, ఎప్పుడూ మునిగే ఉండే పన్నెండు పీతలు పైకొచ్చాయి.

ముసలి పీత మంగతాయిని చూసింది. "అమ్మా, నువ్వు మాంసం తింటావా?"

"లేదయ్యా. నాచు, గడ్డిగింజలు."

నిందితుల్ని ప్రశ్న అడగడం ఆ అడవిలో అదే మొదలు. తర్వాత ఆ ఈక మొదట ఎవరు చూశారని పీత అడిగింది. జంబుకేశమేనని చిరుతపులి చెప్పింది. అంత పొద్దున్నే గుహ దగ్గర ఏం పనని పీత ఆయన్నే అడిగింది.

రోజూ పీతల్నే ఫలహారం చేసే జంబుకేశం ఆ పన్నెండు మొహాలూ చూశాడు. "మహారాజా, పాత పద్ధతే నయం. నన్ను ఏట్లోకి తోయించండి" అన్నాడు.

సింహం ఒప్పుకోలేదు. దొంగ నక్కేనని పీతలు తేల్చడంతో దాన్ని అడవి దాటించారు. గూట్లో ఐదు గుడ్లూ పగిలి ఐదు పిల్లలయ్యాయి.

పీతల్ని శాశ్వత న్యాయమూర్తుల్ని చేశారు. ఏడాది తిరక్కుండా కొత్త నియమం వచ్చింది: కోర్టులోకి పక్కవాటుగానే నడిచి రావాలి, తిన్నగా వస్తే ధిక్కారం. సాక్ష్యానికి పిలుపొచ్చిన రోజు మంగతాయి పిల్లలందరికీ ఆ నడక నేర్పింది. మన నడక ఇంటి దగ్గర నడుద్దాంలే అని సర్దిచెప్పింది.

నీతి: చట్టం ముందు అందరూ సమానమే, నడక మాత్రం న్యాయమూర్తిది.