వెర్నా ష్మెల్జర్ స్పందించలేదు

ఆ గురువారం పొద్దున వెర్నా ష్మెల్జర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదికి కంప్యూటర్ ముందు కూర్చోవాలి, తొమ్మిదికి లేవాలి, మధ్యలో ఒక్క పాయింటు సంపాదించాలి. ఇంతోటి దానికి విస్కాన్సిన్ రాష్ట్రంలోని షెబోయ్‌గన్ ఊరు సగం స్తంభించిపోతుందని ఎవరూ అనుకోరు కదా.

వెర్నా, లారీల ముందు బిగించి రోడ్ల మీద మంచు తోసే బ్లేడులు తయారుచేసే హోల్‌ట్రుప్ కంపెనీలో క్రెడిట్ మేనేజరు. ఎవరికి సరుకు అప్పు మీద ఇవ్వాలి, ఎవరి మొహం మీద తలుపు వెయ్యాలి అని తేల్చే ఉద్యోగం. ఆవిడ "కుదరదు" అంటే మిచిగన్ సరస్సు కూడా ఒక అడుగు వెనక్కి జరుగుతుందని ఊళ్లో చెప్పుకుంటారు. పేరు పక్కన మూడక్షరాల పట్టా కూడా ఉంది. అయితే ఆ అక్షరాలు ఊరికే ఉండవు. నేనింకా చదువుకుంటూనే ఉన్నాను మొర్రో అని మూడేళ్లకోసారి క్రెడిట్ మేనేజర్ల సంఘానికి పాయింట్లు చూపించాలి. చూపించకపోతే అక్షరాలు ఊడతాయి. అక్షరాలు ఊడితే ఉద్యోగమూ ఊడుతుంది, ఎందుకంటే పట్టా లేనివాళ్లని ఆ కుర్చీలో కూర్చోబెట్టకూడదని ఇప్పటి యజమాని గోర్డీ వాళ్ల నాన్న రాసిపెట్టి మరీ పోయాడు. గడువు ఆ సాయంత్రం ఐదింటికి. వెర్నాకి ఒక్క పాయింటు తక్కువ.

ఎనిమిదికి సంఘం వాళ్ల ఆన్‌లైన్ క్లాసు మొదలైంది. మునగబోయే కంపెనీని ముందే పసిగట్టడం ఎలా అన్నది పాఠం. చెప్పేది రస్ టాలెఫ్‌సన్, హోల్‌ట్రుప్‌కి ఉక్కు అమ్మే కంపెనీలో క్రెడిట్ మేనేజరు. వినేవాళ్లు నూట నలభై మంది, అందరూ క్రెడిట్ మేనేజర్లే. పూర్వం కొందరు మహానుభావులు క్లాసు పెట్టుకుని, గురక పెట్టి, పాయింట్లు పట్టుకుపోయారట. అందుకని పది నిమిషాలకోసారి తెర మీద "ఉన్నారా?" అని ఒక డబ్బా వస్తుంది. అరనిమిషంలో దాన్ని నొక్కాలి. వెర్నా అయిదుసార్లు నొక్కింది. యాభై రెండో నిమిషంలో ఆరోసారి డబ్బా వచ్చింది, సరిగ్గా అప్పుడే మౌస్ బ్యాటరీ అయిపోయింది. ఆవిడ దాన్ని ఊపింది, బల్లకేసి కొట్టింది, బతిమాలింది కూడా. అరనిమిషం అయిపోయింది. కంప్యూటర్ ఆవిడని క్లాసులోంచి గెంటేసి, నూట నలభై తెరల మీదా ఎర్రక్షరాలతో ప్రకటించింది: "వెర్నా ష్మెల్జర్, హోల్‌ట్రుప్ కంపెనీ. స్పందన లేదు."

ఆ క్షణాన రస్ చదువుతున్న వాక్యం ఇది. "మొదటి లక్షణం. ఎప్పుడూ మొదటి రింగుకే పలికే మనిషి ఉన్నట్టుండి పలకడం మానేస్తుంది."

రస్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. నూట నలభై పెన్నులు ఒక్కసారి కదిలాయి. ఆ చప్పుడు తమకి వినిపించిందని ఒకరిద్దరు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు.

వెర్నాకి ఇదేమీ తెలీదు. పాయింటు పోయిందన్న కంగారులో సంఘం కార్యదర్శి మార్లిస్ క్వేడ్‌కి ఫోన్ చేసింది. ఆగండి ఆగండి అంటూ సంఘం ఫోను గంటన్నర సేపు సంగీతం వినిపించి, ఆఖరికి తెగిపోయింది. ఆ గంటన్నరా వెర్నాకి ఫోన్ చేసినవాళ్లందరికీ లైను దొరకలేదు. మెయిల్ పెడితే, క్లాసు కోసమని ఆవిడ ముందురోజే పెట్టుకున్న జవాబు దానంతటదే వెళ్లింది: "ప్రస్తుతం అందుబాటులో లేను. అవసరమైతే యజమానిని అడగండి." సరే కదా అని యజమానికి చేశారు. గోర్డీ అప్పుడే దంతవైద్యుడి కుర్చీలోంచి లేచాడు. నోరు సగం మొద్దుబారింది, కళ్లంట నీళ్లు. అంతా బాగానే ఉందని పదకొండు మందికి చెప్పాడు. యజమాని పొద్దున తొమ్మిదిన్నరకే తాగి ఏడుస్తున్నాడని పదకొండు మందీ రాసుకున్నారు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఒక కంపెనీకి అప్పు ఆపుదామా అని క్రెడిట్ మేనేజర్లు కూడబలుక్కోకూడదు, చట్టం ఒప్పుకోదు. జరిగిపోయిన సంగతులు మాత్రం చెప్పుకోవచ్చు. అందుకని రంగుల కంపెనీ క్రెడిట్ మేనేజరు జోయీ ప్రిబిల్ రస్‌కి ఫోన్ చేసి, జరిగిపోయిన సంగతే అడిగాడు.

"రస్, హోల్‌ట్రుప్ వాళ్లు నీకెప్పుడైనా డబ్బు ఆలస్యం చేశారా?"

"ఇరవై మూడేళ్లలో ఒక్కరోజు కూడా లేదు."

"నాకూ అంతే."

ఇద్దరూ అది రాసుకున్నారు.

"అదేరా నాకు భయంగా ఉంది," అన్నాడు రస్.

పదిన్నరకి ఉక్కు లారీ హోల్‌ట్రుప్ గేటు దాకా వచ్చి, డ్రైవరు ఫోన్‌లో రెండు ముక్కలు విని, బండి వెనక్కి తిప్పాడు. పదకొండుకి రంగులు ఆగాయి. పదకొండుంబావుకి రబ్బరు ఆగింది. కాఫీ మెషిన్ వాడు వచ్చి మెషిన్ని భుజానేసుకుపోయాడు. కార్మికులు చేతిలో ఖాళీ కప్పులు పట్టుకుని నుంచున్నారు. శనివారం అడుగు లోతు మంచు పడుతుందని, నలభై బ్లేడులు కావాలని జిల్లా రోడ్లు చూసే కౌంటీ వాళ్లు అప్పటికే రెండుసార్లు గుర్తుచేశారు.

అప్పుడు జరిగింది అసలు ఘోరం. పదకొండున్నరకి వెర్నా తెర మీద ఒక హెచ్చరిక పడింది. హోల్‌ట్రుప్ అన్న పేరుకి ఊరంతా అప్పు ఆపేశారని దాని సారాంశం. ఊళ్లో హోల్‌ట్రుప్ విడిభాగాల కొట్టు నడిపేది గోర్డీ అక్క ట్రూడీ, సరుకు వెళ్లేది ఈ ఫ్యాక్టరీ నుంచే. వెర్నా చెయ్యి ఇరవై మూడేళ్ల అలవాటు కొద్దీ, ఆవిణ్ణి అడక్కుండానే, ఆ కొట్టుకి సరుకు ఆపేసింది. ఆ తరవాత గాని ఆ హెచ్చరికలో ఉన్న పేరు తన కంపెనీదేనని ఆవిడకి వెలగలేదు. వెలిగాక కూడా ఒక నిమిషం ఆలోచించింది, ఇంతమంది చెబుతున్నారంటే నిజమేనేమో అని.

గోర్డీ గదిలోకి వచ్చాడు. వెర్నా చేరినప్పుడు అతనికి పన్నెండేళ్లు, ఆవిడ బల్ల కింద దాక్కునేవాడు. ఇప్పటికీ పేరు పెట్టి పిలవడం చేతకాదు.

"మిసెస్ ష్మెల్జర్, మనం మునిగిపోయామా?"

"లేదు గోర్డీ."

"బ్యాంకులో డబ్బుందా?"

"కావలసినంత."

"మరి మా అక్క ఫోన్లో ఏడుస్తోంది. నేను పడవ అమ్మకానికి పెట్టేశాను."

వెర్నా తలపట్టుకుంది. నాలుగింటికి ఎలాగో మార్లిస్‌ని పట్టుకుని, ఎర్రక్షరాల సంగతి ఆవిడ నోట విని, పొద్దుటి క్లాసు లైనే మళ్లీ తెరిపించింది. నూట నలభై మందీ వచ్చేశారు. గోర్డీ పక్కనే నిలబడ్డాడు. వెర్నా గొంతు సవరించుకుని జరిగింది జరిగినట్టు చెప్పింది: మౌస్‌లో బ్యాటరీ అయిపోయింది.

చెక్కు పోస్టులో ఉంది, సంతకం పెట్టేవాడు ఊళ్లో లేడు, వరదలో కాగితాలు కొట్టుకుపోయాయి, ఇవన్నీ రోజూ వినేవాళ్లు వాళ్లు. అలాంటి మాట చెప్పినవాళ్లని వెర్నా ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు ఆవిణ్ణీ ఎవరూ నమ్మలేదు. బ్యాంకు ఉత్తరం చూపించింది, ఆడిటర్ సంతకం చూపించింది. ఇంత తొందరగా ఇన్ని కాగితాలు ఎవరు రెడీగా పెట్టుకుంటారని జోయీ ఇంకా బెదిరిపోయాడు.

"వెర్నా, మనం పాత స్నేహితులం," అన్నాడు రస్. "ఏదో దాస్తున్నావు. అదేంటో చెప్పు, మేం తట్టుకుంటాం."

టైము నాలుగూ నలభై. వెర్నా ఆశలు వదిలేసుకుంది. పోనీ ఆ పాయింటన్నా ఇప్పించమని మార్లిస్‌ని అడిగింది, అయిదైతే పట్టా పోతుందని. అంత పొగరు మనిషి బతిమాలేసరికి అందరూ తలలు దించుకున్నారు.

మార్లిస్ కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"ఇంత గొడవా పాయింటు కోసమా? నీకు పాయింట్లెందుకమ్మా? అరవై దాటినవాళ్లకి పట్టా శాశ్వతం. నిబంధనల పుస్తకం నలభై ఒకటో పేజీ. నీకు అరవై నిండి రెండేళ్లయింది."

ప్రపంచంలో ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టినా చిన్నక్షరాలు చదివావా అని నిలదీసే మనిషి నలభై ఒకటో పేజీ దాకా వెళ్లలేదు. అదొక పిడుగు. రెండో పిడుగు గోర్డీ నెత్తిన పడింది. మార్చిలో ఆవిడకి యాభై ఎనిమిది కొవ్వొత్తులు ఊదించింది అతనే. అరవై నిండినవాళ్ల చేతిలో ఒక గోడ గడియారం పెట్టి, చప్పట్లు కొట్టి, ఇంటికి పంపడం హోల్‌ట్రుప్ ఆనవాయితీ. అది తప్పించుకోవడానికే వెర్నా ఆఫీసులో నాలుగేళ్లు మింగేసింది.

"నువ్వు దాస్తున్నది ఇదా?" అన్నాడు రస్. "వయసా? ఇంతేనా?"

నూట నలభై మంది ఒక్కసారి ఊపిరి వదిలారు. ఏదో దాచిందని తెలుసు, అదేంటో తెలిసిపోయింది, అందులో డబ్బు సంగతి లేదు. క్రెడిట్ మేనేజరుకి ఇంతకన్నా ఏం కావాలి? నాలుగూ యాభై రెండుకి ఉక్కు కదిలింది. యాభై నాలుగుకి రంగులు, రబ్బరు కదిలాయి. కాఫీ మెషిన్ మళ్లీ అదే భుజమ్మీద లోపలికొచ్చింది.

వెర్నా లేచి, సొరుగులో సామాను ఒక్కొక్కటే తీసి సంచిలో వేసుకోసాగింది.

"అవన్నీ మళ్లీ లోపల పెట్టండి," అన్నాడు గోర్డీ. "గడియారం ఇస్తాను, ఆనవాయితీ ఆనవాయితీయే. ఇంటికి మాత్రం పంపను. అరనిమిషం పలక్కపోతేనే ఇంతైంది. మీరు మానేస్తే విస్కాన్సిన్ మిగులుతుందా?"

దుకాణాలు మూసేలోపు గోర్డీ గడియారం కొనడానికి పరిగెత్తాడు. కొట్టాయన దాన్ని రంగు కాగితంలో చుట్టి, రిబ్బను కట్టి, అప్పు ఏ పేరు మీద రాసుకోవాలో అడిగి, హోల్‌ట్రుప్ అని విని, రిబ్బను విప్పేశాడు.