ఎనిమిది నెలల ముద్దాయి

స్వాతంత్ర్యోద్యమంతో జైళ్లు నిండిపోయి, పోలీసులకు తమ నీడ మీద కూడా అనుమానం పుడుతున్న నలభైరెండో సంవత్సరం. చిత్తూరులో ఆ పొద్దున గంగాధరానికి ఒకటే పని: ఎనిమిది నెలల కొడుకు చేత కలం పట్టించడం. అన్నప్రాశన నాడు బిడ్డ ముందర కలం, కత్తి, బంగారం, పుస్తకం పెడతారు. ఏది పట్టుకుంటే వాడి స్వభావం అదేనని లెక్క. ఆరేళ్లుగా కచేరీలో టెంపరరీ గుమాస్తాగా ఉన్న గంగాధరం, తన పైఅధికారి శిరస్తాదారు తిరుమలయ్యను భోజనానికి పిలిచాడు. బిడ్డ కలం పట్టడం ఆయన కళ్లారా చూస్తే, ఆయన బల్ల మీద మగ్గుతున్న తన పర్మనెంటు కాగితం కదులుతుందని ఆశ.

బానిసత్వం పుట్టుకతో రాదు, నేర్పాలి. గంగాధరం నాలుగు రోజులు కలానికి బెల్లంపాకం పూసి మరీ నేర్పాడు. అది చాలదన్నట్టు ఆ పొద్దున కలం పక్కన సిరాబుడ్డి, దాని వెనక గోడకానించి చక్రవర్తి పటం పెట్టాడు.

తిరుమలయ్య పీట మీద కూర్చున్నాడు. బిడ్డ బంగారం వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా దోగాడుతూ పోయి కలం పట్టుకున్నాడు.

"సూసినారా సార్, పుట్టుకతోనే కచేరీ బుద్ధి," అన్నాడు గంగాధరం.

బెల్లానికి పట్టిన చీమలు అప్పుడు కరిచాయి. బిడ్డ కెవ్వుమని చేతులు విదిలించాడు. సిరాబుడ్డి ఎగిరి చక్రవర్తి ముఖాన బోర్లింది.

గంగాధరం తల్లి మునిరత్నమ్మ మురిసిపోయింది. "అచ్చం మా నాయన గుణమే. ఆయన తాసిల్దారు మింద పేడ ఇసిరినాడు."

తిరుమలయ్య లేచిపోయి గడప దగ్గర చెప్పులు చేత పట్టుకున్నాడు. "గంగాధరం, నేను ఈడికి రాలేదు. ఏమీ సూడలేదు. రేపట్నించి నువ్వూ కచేరీకి రావొద్దు."

పక్కింటి చంద్రకాంతమ్మ కొళాయి దగ్గర ఉన్నదున్నట్టే చెప్పింది. ఆ మాట బజారుకు చేరేసరికి అందులోంచి బిడ్డ జారిపోయి సిరా మాత్రం మిగిలింది. గంగాధరం రహస్యంగా ఉద్యమం నడుపుతున్నాడని తేల్చి, నలభైమంది దండలతో వచ్చి వీధిలో వందేమాతరం అన్నారు. వాళ్ల వెనకాలే హెడ్డు కానిస్టేబులు సుభాన్ బాషా వచ్చాడు.

"యాడప్పా, చక్రవర్తి పటం మింద సిరా పోసిన ముద్దాయి?"

"తొట్లో నిద్దరపోతా ఉండాడు సార్."

బాషా తొట్లోకి చూసి, పుస్తకం తెరిచాడు. ముద్దాయి పసిబిడ్డ అయినంత మాత్రాన కేసు మానుకోవడం ఆయనకు నేర్పలేదు. "పేరు?"

"మునస్వామి."

"ఏం పని సేస్తాడు?"

"దోగాడతాడు. సానా సాధువు సార్. గట్టిగా ఏడవను గూడా ఏడవడు."

సాధువు లేచి, తొట్లోకి వంగిన బాషా మీసం పట్టుకుని లాగాడు.

"నేను సెప్పలా, మా నాయన గుణమేనని," అంది మునిరత్నమ్మ.

"నోరు మూసుకోమ్మా, ఉద్యోగం పోతా ఉండాది," అన్నాడు గంగాధరం. బాషా మీసం విడిపించుకుని, "కంటితో సూసినోళ్లు ఎవురు?" అన్నాడు.

అంతదాకా తలుపు చాటున నిలబడ్డ భార్య పంకజాక్షి ముందుకొచ్చింది. "శిరస్తాదారు తిరుమలయ్యగారు సూసినారు. పీటేసి కూసోబెట్టిందే ఆయన్ని గదా. మొదటి సాచ్చి ఆయన్నే రాసుకో అన్నా. రాజద్రోహం సూసి రిపోర్టు ఇయ్యకుండా ఎందుకు పోయినాడో గూడా ఆయన్నే అడుగు."

బాషా సంబరంగా రాసుకుని, ఆయనను పిలుచుకు రమ్మని వెంట వచ్చిన కానిస్టేబులును పంపాడు.

గంట తిరక్కముందే తిరుమలయ్య చెమటలు కక్కుతూ వచ్చాడు. చేతిలో కలెక్టరు దొర సంతకం పడిన పర్మనెంటు ఆర్డరు ఉంది. దాన్ని గంగాధరం జేబులో కుక్కి, బాషా వైపు తిరిగాడు.

"పిల్లి తోసింది బాషా. నా కండ్లతో సూసినాను. నల్ల పిల్లి."

ఆ ఇంట్లో పిల్లి లేదు. అయినా సాక్షి పెద్దమనిషి. బాషా ముద్దాయి పేరు కొట్టేశాడు.

ఇంతా చేసి ఎనిమిది నెలల బిడ్డ స్వభావం ఏమిటో తేలలేదు గాని, శిరస్తాదారుది మాత్రం తేలిపోయింది.