రెండో గ్లాసు దగ్గర ఆగడం

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆసుపత్రికి వెళ్లాలి, తాగుడు తగ్గించే డాక్టరమ్మ అడిగినవాటికి జవాబులు చెప్పాలి, తిరిగొచ్చి భార్య దగ్గర దుకాణం తాళం పుచ్చుకోవాలి. మత్తులో ఒకే కోటుకు రెండూ ఎడమ చేతులే కుట్టిన రోజున ఆవిడ తాళం లాగేసుకుంది.

"స్నేహితులు బలవంతపెడితే రెండు గ్లాసులతో ఆపగలనన్న నమ్మకం మీకు నూటికి ఎంతుంది?" అడిగింది డాక్టరమ్మ.

"నూరు."

"ఇంట్లో గొడవైతే?"

"నూరు."

"మనసు బాగోకపోతే?"

"నూటపది వేసుకోండి."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ఇంత నమ్మకం ఉన్నవాళ్లంటేనే నాకు భయమండీ."

దర్జీకి పౌరుషం పొడుచుకొచ్చింది. సాయంత్రం పాత మిత్రుడి పదవీ విరమణ విందు ఉంది. అక్కడే నిరూపించి తీరతానని భార్య ముందు శపథం చేశాడు. ఆవిడ తేలిగ్గా నమ్మే మనిషి కాదు. ఎన్నడూ చుక్క ముట్టని తన తమ్ముణ్ణి కాపలాగా పంపింది.

"బావ మూడోది పట్టుకుంటే లాగేసుకో. ఒక్కటీ వదలకు" అని మరీ మరీ చెప్పింది.

విందులో దర్జీ రెండు తాగి, పళ్లు బిగబట్టి ఆగాడు. మిత్రులు ఊరుకుంటారా? మూడోది చేతిలో కుక్కారు. బావమరిది లాక్కున్నాడు. బల్ల మీద పెడితే బావ మళ్లీ తీస్తాడేమోనని తనే గుటుక్కున మింగేశాడు. తర్వాతవీ అంతే. కాసేపటికి బావ చేతిలో గ్లాసే లేకపోయినా ఆగలేదు, పక్కవాళ్లవి లాక్కోవడం మొదలెట్టాడు.

"ఒరేయ్, అవి నావి కావురా!"

"ఒక్కటీ వదలొద్దంది అక్క!"

ఆఫీసు పెద్ద మేనేజరు గ్లాసు కూడా లాక్కునేసరికి ఇద్దర్నీ బయటికి సాగనంపారు. బావమరిదిని భుజాన వేసుకుని, వాడు కక్కినదంతా చొక్కా మీద మోస్తూ, తూలుతూ ఇల్లు చేరాడు దర్జీ.

తలుపు తీసిన భార్య ముక్కు మూసుకుంది. "ఇదేనా నీ శపథం! ఇక ఆ తాళం సంగతి మర్చిపో!"

"నేను కాదే, వీడు..."

"నా తమ్ముడి మీదికి నెడతావా?"

అప్పుడు భుజం మీది మూట కదిలింది. "అక్కా, బావ రెండే తాగాడు. మిగతావన్నీ నేను చూసుకున్నా" అంటూ గుమ్మంలోకి జారింది.

ఆవిడ లోపలికెళ్లి తాళం తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. మర్నాడు తమ్ముడు నిద్రలేస్తూనే, "బావా, ఆ పచ్చ సీసాలోది ఏమిటి? భలే ఉంది" అన్నాడు.

తర్వాతి వారం డాక్టరమ్మ మళ్లీ అడిగింది. దర్జీ చాలాసేపు ఆలోచించాడు.

"స్నేహితుల దగ్గరైతే అరవై అండీ. ఆగాను గానీ, నోరు మహా ఊరింది."

"ఇది నమ్ముతాను" అంది డాక్టరమ్మ.

ఇప్పుడు బావా బావమరుదులిద్దరూ కలిసే ఆసుపత్రికి వెళ్తున్నారు. బండి మాత్రం దర్జీ భార్యే నడుపుతోంది.